కౌన్సెలింగ్‌కి వెళ్తానంటే "నీకేమైనా పిచ్చా" అంటున్నారు. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి

వేకువచుక్క

నాన్న పోయి ఎనిమిది నెలలైంది. మొదట్లో ఇంట్లో అందరం ఏడ్చాం. తర్వాత మిగతా వాళ్ళు మెల్లగా తేరుకున్నారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఆఫీసుకి వెళ్తున్నా, పని చేస్తున్నా, నవ్వాల్సిన చోట నవ్వుతున్నా. ఇంటికొచ్చాక బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడుస్తున్నా. ఫోన్‌లో నాన్న నంబర్ ఇంకా తీసెయ్యలేదు. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వస్తే దాన్నే చూస్తూ కూర్చుంటా.

కౌన్సెలింగ్‌కి వెళ్తానని మొన్న ఇంట్లో చెప్పా. అమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి మాట "నీకేమైనా పిచ్చా?" మా ఆయన కోప్పడలేదు గానీ నొచ్చుకున్నాడు. "నేనున్నానుగా, నాతో చెప్పుకోవచ్చుగా. ముక్కూమొహం తెలియని మనిషికి డబ్బులిచ్చి మరీ చెప్పుకోవడమేంటి?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆయన నిజంగానే వింటాడు. మరి నాకెందుకు సరిపోవట్లేదు?

వచ్చే గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. అక్కడేం జరుగుతుందో తెలియదు. సోఫా మీద పడుకోబెడతారా? మందులు రాస్తారా? నేను చెప్పింది ఎక్కడైనా రికార్డులో పడి రేపు ఉద్యోగానికి అడ్డొస్తుందా? వెళ్ళొచ్చిన వాళ్ళుంటే ఉన్నదున్నట్టు చెప్పండి. క్యాన్సిల్ చేద్దామా అని రోజుకి నాలుగుసార్లు అనిపిస్తోంది.

గడ్డిపూవు

క్యాన్సిల్ మాత్రం చెయ్యకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కలమాస్టారు

పిచ్చి ఉన్నవాళ్ళే కౌన్సెలింగ్‌కి వెళ్తారని నేనూ చాలా ఏళ్ళు గట్టిగా నమ్మినవాణ్ణే. తీరా నేను వెళ్ళింది నిద్ర పట్టక. పదింటికి పడుకుంటే తెల్లవారుజాము దాకా పైకప్పు చూడటమే. రెండేళ్ళు అలాగే గడిచింది. డాక్టర్ గారు పరీక్షలన్నీ చేయించి, "ఒంట్లో ఏమీ లేదు మాస్టారూ, ఒకసారి సైకాలజిస్ట్‌ని కలవండి" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్కడ ఆవిడ నా చిన్నతనం గురించి అడగలేదు, కలల గురించి అడగలేదు. ఒక కాగితం ఇచ్చి రెండు వారాలు రాయమన్నారు. ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచారు. రాసి కూడితే తేలిందేమిటంటే మంచం మీద ఉంటున్నది ఎనిమిదిన్నర గంటలు, నిద్రపోతున్నది అయిదున్నర. "అయితే మంచం మీద ఆ అయిదున్నర గంటలే ఉండండి" అన్నారు. రాత్రి పన్నెండున్నర నుంచి పొద్దున్న ఆరు దాకా, అంతే. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి, కళ్ళు మూతలు పడ్డాకే మళ్ళీ మంచం ఎక్కాలి. మంచం మీద ఆన్సర్ పేపర్లు దిద్దకూడదు. ఆ రోజుల్లో బండి నడపొద్దని ముందే హెచ్చరించారు.

మొదటి వారం నరకం. నాలుగో వారానికి పడుకున్న పది నిమిషాల్లో నిద్ర. అప్పట్నించి వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ వచ్చారు. కౌన్సెలింగ్ అంటే కబుర్లు అనుకునేవాళ్ళకి చెప్తున్నా, నాకు అందులో హోంవర్కే ఎక్కువ.

పాతరేడియో

అందరూ బాగుంది బాగుంది అంటారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా. వ్యాపారంలో దెబ్బతిన్నప్పుడు మూడుసార్లు వెళ్ళా. మొదటి రోజు నా గోడు సగం కూడా వినకుండానే "మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా" అన్నాడు. రెండో రోజు ఆయన సొంత కథ అరగంట చెప్పాడు. ఆ తర్వాత మా తమ్ముడి గురించి నేను చెప్పిన మాట తిరిగి తిరిగి మా తమ్ముడి చెవినే పడింది. మా ఇద్దరికీ తెలిసిన మనిషి దగ్గర ఆయన నోరు జారాడు. మూడోసారి వెళ్ళింది అది అడగడానికే. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. మంచి స్నేహితుడు ఒక్కడుంటే చాలు, ఇవేవీ అక్కర్లేదు.

నీలికలం

మాస్టారూ, మంచం మీద పేపర్లు దిద్దకూడదన్న రూల్ మీ స్టూడెంట్స్‌కి కూడా మేలే చేసి ఉంటుంది. నిద్రమత్తులో వేసిన మార్కులు తగ్గిపోతాయి కదా.

సోఫా సంగతి మాత్రం నేను చెప్తా. అది మనోవిశ్లేషణ మొదలుపెట్టిన డాక్టర్ ఫ్రాయిడ్ నాటి మాట. ఆయనకి ఆ సోఫాని ఒక పేషెంటే కానుకగా ఇచ్చింది. ఇప్పుడది లండన్‌లో ఆయన పేరుతో ఉన్న మ్యూజియంలో ఉంది. ఆ పద్ధతిలో చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గానీ మామూలు కౌన్సెలింగ్‌లో రెండు కుర్చీలే. అవి కూడా ఇంటర్వ్యూలోలాగా ఎదురెదురుగా ఉండవు, కాస్త ఏటవాలుగా వేస్తారు, చూడాలంటే ఆవిడ వైపు చూడొచ్చు, వద్దనుకుంటే కిటికీ వైపు చూడొచ్చు.

సూదీదారం

నేను కౌన్సెలర్‌ని, పద్నాలుగేళ్ళుగా ఇదే పని.

ముందు పాతరేడియో గారికి. మీకు జరిగినదాన్ని "అలాంటివాళ్ళు ఎక్కడో ఒకరుంటారు" అని తోసెయ్యను. మొదటి రెండూ చేతకానితనం. మీ మాట బయటికి పొక్కడం మాత్రం మా వృత్తిలో అన్నింటికంటే పెద్ద తప్పు, ఫిర్యాదు చెయ్యదగ్గ తప్పు. మీకు కోపం రావడం న్యాయమే.

వేకువచుక్క గారూ, మీ ప్రశ్నలకి. మందులు రాసేది సైకియాట్రిస్ట్, అంటే మెడికల్ డాక్టర్. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు చాలావరకు మందులు రాయరు. అవసరమనిపిస్తే డాక్టర్ దగ్గరికి పంపుతాం, వెళ్ళాలా వద్దా అన్నది మీ నిర్ణయమే.

గోప్యత గురించి మొదటి రోజే, మీరు నోరు విప్పక ముందే కౌన్సెలర్ చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి. నోట్సులో ఏం రాస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు దాస్తారు, అన్నీ అడగొచ్చు. మీ ఆఫీసు ద్వారా వెళ్తున్నట్టయితే ఆఫీసుకి ఏ సమాచారం వెళ్తుందో కూడా స్పష్టంగా అడగండి. మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనిపించినప్పుడు, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. రెండోవాళ్ళ ప్రాణం విషయంలో అందరూ చెప్పుకునేది 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన టరసాఫ్ తీర్పు. ఒకమ్మాయిని చంపుతానని ఒక యువకుడు థెరపిస్ట్‌తో అన్నాడు, ఆ అమ్మాయికి గానీ వాళ్ళ వాళ్ళకి గానీ ఎవరూ చెప్పలేదు, చివరికి అన్నంతా చేశాడు. అలాంటప్పుడు ఆపదలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్ట్ మీద ఉంటుందని కోర్టు చెప్పింది. ఇలాంటివి తప్పిస్తే మీ మాట ఆ గది దాటకూడదు. మీ ఆయన ఫోన్ చేసి అడిగినా, మీరు వస్తున్నారో లేదో కూడా మేం చెప్పం.

పాతరేడియో

బాగా చెప్పారు. కానీ మంచి కౌన్సెలర్ ఎవరో, నోరు జారేవాడెవడో ముందే ఎలా తెలుస్తుంది? బోర్డు మీద రాసి ఉండదుగా.

గడ్డిపూవు

పాతరేడియో గారి ప్రశ్నకి సూదీదారం గారే చెప్పాలి. ఈలోగా వేకువచుక్క గారికి ఒక మాట.

మీ ఆయన మంచివాడు, వింటాడు, ఒప్పుకుంటా. మా ఆయన కూడా వింటాడు. కానీ ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆయనతో చెప్తున్నప్పుడు మధ్యలో ఆయన మొహం చూసి ఎన్నిసార్లు ఆగిపోయారు? నేనైతే సగం చెప్పగానే ఆయన కళ్ళలో దిగులు చూసి, "సర్లే, ఏం లేదు, తగ్గిపోతుంది" అనేదాన్ని. అంటే ఓదార్పు కోసం వెళ్ళి నేనే ఆయన్ని ఓదార్చి వచ్చేదాన్ని. కౌన్సెలర్ దగ్గర నాకు ఆ బరువు లేదు. ఆవిడ రాత్రి నా గురించి బెంగపడి నిద్ర మానేస్తుందేమోనన్న భయం లేదు. డబ్బులిచ్చేది ఆ వెసులుబాటుకి.

ఇంకో మాట, మేమిద్దరం కలిసి కూడా వెళ్ళాం, పెళ్ళయిన ఆరో ఏట. జంటగా వెళ్ళారంటే విడాకులకి సిద్ధమయ్యారని అందరూ అనుకున్నారు. నేనైతే ఆయన తప్పులు పదిహేడు పాయింట్లు రాసుకుని వెళ్ళా. ఆవిడ తీర్పు చెప్తుందని నా ఆశ. ఆ కాగితం పక్కన పెట్టించి, "పోయిన ఆదివారం జరిగిన గొడవ ఒక్కటి తీసుకుందాం, మొదటి అయిదు నిమిషాల్లో ఎవరేం అన్నారో వరసగా చెప్పండి" అంది. పదిహేడు పాయింట్ల మూలం ఆ అయిదు నిమిషాల్లోనే దొరికింది.

సూదీదారం

గడ్డిపూవు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే జంటగా కూర్చోబెట్టే కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టకూడదు. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికెళ్ళాక దెబ్బలు పడొచ్చు. ముందు ఆ మనిషి ఒక్కరే వెళ్ళాలి, భద్రత సంగతి చూసుకోవాలి.

మబ్బుతునక

"డబ్బులిచ్చేది ఆ వెసులుబాటుకి" అన్న మాట మా అమ్మకి చదివి వినిపించా అక్కా.

రాత్రిబండి

నేను డ్రైవర్ని. చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోండి.

మూడేళ్ళ కింద యాక్సిడెంట్ అయింది. నాకు పెద్దగా తగల్లేదు. కానీ తర్వాత స్టీరింగ్ పట్టుకుంటే చాలు గుండె దడదడ, చేతులు చెమట, ఊపిరి అందదు. గుండెపోటే అనుకుని రెండుసార్లు ఆస్పత్రికి పరిగెత్తా. గుండె బాగానే ఉంది, ఇది ప్యానిక్ అటాక్ అన్నారు. మావాళ్ళు "మగాడివై ఉండి బండికి భయమేంట్రా" అన్నారు. ఆ మాటకే సంవత్సరం ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కూర్చున్నా.

కౌన్సెలర్ "భయపడకండి" అని ఒక్కసారి కూడా అనలేదు. నా చేత ఒక నిచ్చెన రాయించాడు. అన్నింటికన్నా తక్కువ భయం వేసేది కింది మెట్టు, ఎక్కువ భయం వేసేది పై మెట్టు. కింది మెట్టు ఏంటంటే ఆగి ఉన్న బండిలో, ఇంజన్ ఆపేసి, డ్రైవర్ సీట్లో కూర్చోవడం. అంతే. భయానికి సున్నా నుంచి వంద దాకా నంబర్ ఇమ్మన్నాడు. కూర్చోగానే 80. తలుపు తీసుకుని దిగిపోదామనిపించింది. "దిగొద్దు, నంబర్ మారితే చెప్పండి చాలు" అన్నాడు, పక్క సీట్లో కూర్చుని. 80, 80, 85. తర్వాత 70. ఎదర అద్దం మీద ఒక చీమ పాకుతోంది, దాన్నే చూస్తున్నా. 60. ఇరవై నిమిషాలకి 40. నేనేమీ చెయ్యలేదు, ఊరికే కూర్చున్నా, భయం దానంతటదే దిగింది. పారిపోకుండా ఉంటే భయం దిగుతుందని నా ఒంటికి తెలిసింది ఆ రోజే. మాటలతో అయితే ఎంత చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

పదకొండు మెట్లు. ఇప్పుడు మళ్ళీ రాత్రి బండే నడుపుతున్నా.

నీలికలం

రాత్రిబండి అన్నా, తప్పులేం లేవు. ఆ చీమ గుర్తుండిపోతుంది నాకు.

లెక్కలమాస్టారు

80, 80, 85, 70, 60, 40. ఇంత చక్కటి గ్రాఫ్ నేను బోర్డు మీద కూడా గియ్యలేదు తమ్ముడూ.

కొసరుమాట

ఇవన్నీ పెద్ద సమస్యలండీ. యాక్సిడెంట్, రెండేళ్ళ నిద్రలేమి. ఇక్కడ విషయం తండ్రి పోయిన దుఃఖం. ఎనిమిది నెలలే కదా అయింది. కాలమే మాన్పుతుంది. ప్రతి కన్నీటి బొట్టుకీ కౌన్సెలింగ్ అంటే మనుషులు ఏడవడం కూడా మర్చిపోతారేమో. ఇది తప్పుగా తీసుకోకండి, నేనూ అమ్మని పోగొట్టుకున్నవాణ్ణే.

సూదీదారం

తప్పుగా తీసుకోను, మీ మాటలో సగం నిజం. దుఃఖం రోగం కాదు. అయినవాళ్ళు పోతే చాలామంది ఏ కౌన్సెలింగూ లేకుండానే, మనుషుల తోడుతో, కాలంతో నిలదొక్కుకుంటారు. వాళ్ళని బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టక్కర్లేదు.

కానీ కొందరికి కాలం ఆగిపోతుంది. మొదటి నెలలో ఎంత తీవ్రంగా ఉందో అంత తీవ్రంగానే ఉండి, రోజువారీ బతుకుని నడవనివ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే రోగాల వర్గీకరణలో దీనికి వేరే పేరు పెట్టి, ఆరు నెలలు దాటినా తగ్గకపోతే చూడాలంది. అమెరికా సైకియాట్రీ వాళ్ళు 2022లో తమ జాబితాలో ఇదే చేర్చి, పెద్దవాళ్ళకి ఏడాది గడువు పెట్టారు. వాళ్ళలో వాళ్ళకే గడువు దగ్గర తేడా ఉంది చూడండి. అందుకే నేను నెలలు లెక్కపెట్టను. వేకువచుక్క గారికి ఆ పేరు తగిలించడమూ లేదు, చూడకుండా ఎవరూ తగిలించకూడదు. ఆవిడ కుళాయి తిప్పి ఏడుస్తున్నానన్నారు. ఏడుపుని దాచుకోవాల్సి వస్తోంది. కౌన్సెలింగ్‌కి వెళ్తే ఏడవడం మర్చిపోరు, కుళాయి తిప్పకుండా ఏడవడానికి ఒక చోటు దొరుకుతుంది.

మబ్బుతునక

కొసరుమాట గారూ, "కాలమే మాన్పుతుంది" అనే మాట వల్లే నేను అయిదు నెలలు పోగొట్టుకున్నా. పాప పుట్టాక ప్రతి సాయంత్రం కారణం లేకుండా ఏడుపొచ్చేది. కొత్త తల్లులందరికీ ఉండేదే, తగ్గిపోతుంది అన్నారు. మామూలుగా వచ్చేది రెండు వారాల్లో తగ్గిపోతుందట. నాది తగ్గలేదు. పాప ఏడుస్తుంటే పక్కనే కూర్చుని, చెయ్యి చాచి ఎత్తుకోవడానికి ఒంట్లో శక్తి లేక చూస్తూ ఉండిపోయేదాన్ని. చెడ్డ తల్లిని అనుకున్నా. అది డిప్రెషన్ అని ఎవరూ చెప్పలేదు.

నాకు మందులూ వాడారు, కౌన్సెలింగూ జరిగింది, రెండూ. మందు మొదలుపెట్టాక తేడా తెలియడానికి కొన్ని వారాలు పట్టింది. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలని భయపెట్టారు, నేను డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ ఆపేశా. పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు. ఇది టైప్ చేస్తుంటే నా ఒళ్ళో కూర్చుని అక్షరాలు నొక్కుతోంది, రెండుసార్లు చెరిపి రాశా.

కొసరుమాట

మబ్బుతునక గారూ, క్షమించండి. నా అనుభవం ఒక్కటే పట్టుకుని మాట్లాడాను.

వేకువచుక్క

అన్నీ చదివా. గడ్డిపూవు గారు రాసినదాని దగ్గర ఆగిపోయా. ఆయన మొహం చూసి ఆగిపోతున్నానా అంటే, అవును. ఆగిపోతున్నా.

ఒక విషయం ఆయనకి కూడా చెప్పలేదు. నాన్న పోయిన రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. మీటింగ్‌లో ఉన్నా, కట్ చేశా. తర్వాత చేద్దామనుకుని మర్చిపోయా. సాయంత్రం వేరేవాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది. రాత్రుళ్ళు నేను చూస్తూ కూర్చునేది ఆ మిస్డ్ కాల్‌నే. ఇది ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, ఇక్కడ మీ ఎవరికీ నేను తెలియదు కాబట్టి రాయగలిగా.

గడ్డిపూవు

రాసినందుకు మంచిదైంది తల్లీ. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు.

రాత్రిబండి

చదివాను చెల్లెమ్మా.

పాతరేడియో

మా స్నేహితుడు ఉంటే చాలన్నా కదా. నిజం చెప్పాలంటే మా స్నేహితుడికి కూడా నేను చెప్పని విషయం ఒకటుంది. అమ్మాయి రాసింది చదివాక అది గుర్తొచ్చింది.

సూదీదారం గారు నా ప్రశ్నకి ఇంకా జవాబు చెప్పలేదు.

సూదీదారం

చెప్తా. చదువేంటి, ఎక్కడ శిక్షణ పొందారు, నాలాంటి సమస్యతో వచ్చినవాళ్ళతో పని చేశారా, ఏ పద్ధతిలో చేస్తారు. ఇవి మొదటి రోజు నేరుగా అడగండి. అడిగితే ముఖం మాడ్చుకునేవాళ్ళ దగ్గర ఉండక్కర్లేదు. "మూడు సెషన్లలో గ్యారంటీగా నయం చేస్తా" అనేవాళ్ళ దగ్గర అసలు ఉండక్కర్లేదు. మీకు చుట్టమో స్నేహితులో అయినవాళ్ళని కౌన్సెలర్‌గా పెట్టుకోకండి, మీ ఇద్దరికీ తెలిసినవాళ్ళు ఒక్కరే అయితే మాట జారే దారులు ఎక్కువ.

తర్వాతది మీ మనసుకే తెలుస్తుంది. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే సైకాలజిస్ట్ 1979లో కౌన్సెలర్‌కీ వచ్చిన మనిషికీ మధ్య కుదరాల్సినవి మూడని చెప్పాడు. మనం ఎక్కడికి చేరాలనుకుంటున్నామో ఇద్దరికీ ఒకటే మాట ఉండాలి, దానికోసం చేస్తున్న పని ఏంటో ఇద్దరికీ తెలిసి ఒప్పుకోవాలి, ఒకరి మీద ఒకరికి గురి ఉండాలి. మూడు నాలుగు సెషన్ల తర్వాత ఈ మూడూ తరచి చూసుకోండి. ఏదైనా లేదనిపిస్తే ఆ మాట కౌన్సెలర్‌తోనే అనండి. "నాకిది పని చెయ్యట్లేదు" అని క్లయింట్ అంటే మంచి కౌన్సెలర్ నొచ్చుకోడు, కుర్చీ ముందుకి జరుపుకుని వింటాడు. అప్పటికీ కుదరకపోతే మారిపోవచ్చు. డాక్టర్ని మార్చినట్టే.

పాతరేడియో

మళ్ళీ వెళ్తానని మాటివ్వను. ఆ మూడూ కాగితం మీద రాసి పెట్టుకున్నా.

శనగపువ్వు

నాకో సందేహం. అసలు సలహా చెప్పరట కదా? మా అక్క వెళ్తే "మీరేమనుకుంటున్నారు" అని తిరిగి తననే అడిగారట. సలహా ఇవ్వనివాళ్ళ దగ్గరికి వెళ్ళడం దేనికి?

నీలికలం

దీనికి నా అనుభవం చెప్తా. ఉద్యోగం మానెయ్యాలా వద్దా అని తేల్చుకోలేక వెళ్ళా. "మానెయ్" అనో "మానొద్దు" అనో చెప్తే చాలనుకున్నా. చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. నాలుగో వారంలో ఆయన ఒక్కటే అడిగారు, "మూడుసార్లు మీరు మానేస్తే నాన్న ఏమంటారో చెప్పారు, మీరు ఏమంటారో ఒక్కసారీ చెప్పలేదు, గమనించారా?" గమనించలేదు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషిని. ఆ రోజు బయటికొచ్చి మెట్ల మీద అరగంట కూర్చున్నా. సలహాలు అప్పటికే నా దగ్గర నలభై ఉన్నాయి, అందరూ ఇచ్చినవే.

సూదీదారం

ఇందులో రకాలున్నాయి. కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్ట్ వచ్చిన మనిషిని "పేషెంట్" అనకుండా "క్లయింట్" అనడం వాడుకలోకి తెచ్చాడు. మనిషిని తప్పు పట్టకుండా, నటించకుండా, వాళ్ళ కళ్ళతో చూస్తూ వింటే వాళ్ళ దారి వాళ్ళకి దొరుకుతుందన్నది ఆయన పట్టుదల. నీలికలం గారికి జరిగింది ఆ దారికి దగ్గర. 1960లలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ మొదలుపెట్టిన సీబీటీలో (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతి) మాత్రం కౌన్సెలర్ చాలా నేర్పిస్తారు, పనులు ఇస్తారు. మాస్టారిదీ, రాత్రిబండి గారిదీ ఆ కుటుంబమే. ఏది మీకు నప్పుతుందో అడిగి తెలుసుకోండి. అయితే ఎవరూ "విడాకులు తీసుకో", "ఉద్యోగం మానెయ్" అని చెప్పరు. ఆ బతుకు బతకాల్సింది మేం కాదు కదా.

శనగపువ్వు

ఎన్నాళ్ళు తిరగాలి? ఒకసారి మొదలైతే ఏళ్ళతరబడి అంటారు.

సూదీదారం

సమస్యని బట్టి. 1986లో పాత పరిశోధనలు కొన్ని కలిపి చూసినప్పుడు దాదాపు సగం మందికి ఎనిమిది సెషన్లకల్లా గుర్తించదగ్గ మార్పు కనిపించిందని, 26 సెషన్లకి ముప్పావు మందికి కనిపించిందని తేలింది. కొందరికి ఎక్కువ కాలం పడుతుంది. చిన్నప్పటి నుంచి గాయాలు మోస్తున్నవాళ్ళని తొందరపెట్టకూడదు. మధ్యలో ఒకటి రెండు వారాలు ముందుకంటే బరువుగా అనిపించవచ్చు, మూసిపెట్టిన గది తలుపు తీస్తే దుమ్ము లేస్తుంది. ఆ సంగతి కౌన్సెలర్‌కి చెప్పండి, చెప్పకుండా మానెయ్యకండి.

ఖర్చు భారం అనిపిస్తే అది కూడా అడగాల్సిన ప్రశ్నే. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించేవాళ్ళుంటారు. శిక్షణ సంస్థల్లో సీనియర్ల పర్యవేక్షణలో విద్యార్థులు తక్కువకి చూస్తారు. గ్రూపు సెషన్లు కూడా ఉంటాయి.

లెక్కలమాస్టారు

"నాకింకా అంత ముదరలేదు" అని ఆగేవాళ్ళకి ఒక మాట. పరీక్ష ఫెయిలయ్యాక ట్యూషన్‌కి పంపే తల్లిదండ్రుల్ని నేను ఏటా చూస్తా. అర్ధసంవత్సర పరీక్షలప్పుడే పంపి ఉంటే పని ఎంత తేలికయ్యేదో.

వేకువచుక్క

వెళ్ళొచ్చా. గురువారం సాయంత్రం. రెండు రోజులు రాయలేకపోయా.

నీలికలం గారన్నట్టే రెండు కుర్చీలు ఏటవాలుగా ఉన్నాయి. మధ్యలో చిన్న బల్ల, టిష్యూల డబ్బా. గడియారం నాకూ కనిపించే చోటే పెట్టారు. ముందు గోప్యత గురించి చెప్పారు, సూదీదారం గారు రాసినట్టే. ఒక కాగితం ఇచ్చారు, తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఏది ఎన్ని రోజులు అనిపించింది అని. చివరిది చచ్చిపోతే బాగుండని అనిపించిందా అని. అది చదివి ఉలిక్కిపడ్డా. లేదు అని టిక్ పెట్టా, అది నిజమే. నాకు 13 వచ్చింది.

మిస్డ్ కాల్ సంగతి చెప్పనని అనుకుని వెళ్ళా, పదిహేనో నిమిషంలో చెప్పేశా. "మీ తప్పేం లేదు" అంటారనుకున్నా, అందరూ అనేది అదే అని. ఆవిడ అనలేదు. "నాన్నగారు మామూలుగా ఆ టైమ్‌కి ఎందుకు ఫోన్ చేసేవారు?" అని అడిగారు. ఒక్క క్షణం ఆలోచించి నాకు నవ్వొచ్చింది. వైఫై పాస్‌వర్డ్ అడగడానికి. ప్రతిసారీ రాసుకునేవారు, రాసుకున్న కాగితం ఎక్కడో పెట్టేవారు. నవ్వుతూనే ఏడుపు మొదలైంది, ఎంతసేపో తెలియదు. ఆవిడ డబ్బా కూడా నా వైపు జరపలేదు, తొందరేం లేదన్నట్టు కూర్చున్నారు. కుళాయి చప్పుడు లేకుండా ఏడ్చి ఎన్ని నెలలైందో.

రాత్రి మా ఆయనకి చెప్పా, ఫోన్ సంగతి. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆయన ఫోన్ నేనూ ఎన్నోసార్లు కట్ చేశా" అన్నాడు. ఇద్దరం లైటు వెయ్యకుండానే కూర్చున్నాం.

అమ్మ ఇంకా "ఆ పిచ్చి డాక్టర్" అనే అంటోంది. వచ్చే గురువారం మళ్ళీ వెళ్తున్నా.

గడ్డిపూవు

వైఫై పాస్‌వర్డ్ దగ్గర నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శనగపువ్వు

ఆ చివరి ప్రశ్న గురించి. అలా నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదా?

సూదీదారం

పుట్టదు. దీని మీద చాలా పరిశోధనలు జరిగాయి, అడగడం వల్ల ఆ ఆలోచన రాదనే తేలింది. ఉన్నవాళ్ళకైతే, ఎవరో ఒకరు పేరు పెట్టి అడిగారన్న ఊరట దొరుకుతుంది. తొమ్మిది ప్రశ్నలకీ సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాం. అది మార్కుల కాగితం కాదు, రోగం పేరూ కాదు, మాట మొదలుపెట్టడానికి ఒక ఆధారం. చివరి ప్రశ్నకి "అవును" అయితే మాత్రం, ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. దగ్గర్లో ఉన్న మనిషికి ఇప్పుడే చెప్పండి, ఒంటరిగా ఉండకండి, ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.

గోడచాటు

మొదటి రోజు నుంచీ చదువుతున్నా, ఇవాళే అకౌంట్ తెరిచా. కాలేజీ రెండో ఏడు. క్లాసుకి వెళ్ళి రెండు నెలలైంది, ఇంట్లో తెలియదు. నంబర్ సంపాదించా. ఫోన్ ఎత్తగానే ఏం చెప్పాలో తెలియక చెయ్యట్లేదు. కథంతా చెప్పాలా?

సూదీదారం

కథంతా అక్కర్లేదు బాబూ. "నాకు కొన్నాళ్ళుగా మనసు బాగోవట్లేదు, అపాయింట్‌మెంట్ కావాలి" అంటే చాలు. మిగతావి వాళ్ళు అడుగుతారు.

నేను కూడా ఒకటి నేరుగా అడుగుతున్నా. చచ్చిపోవాలని అనిపిస్తోందా?

గోడచాటు

లేదండీ. ఏదీ అనిపించట్లేదు, అదే బాధ. నన్ను ఇలా ఎవరూ అడగలేదు.

రాత్రిబండి

తమ్ముడూ, నేను మూడుసార్లు నంబర్ నొక్కి రింగవకముందే పెట్టేశా. నాలుగోసారి పెట్టెయ్యకముందే ఎత్తారు. ఆ మాట కాగితం మీద రాసుకుని చూసి చదివెయ్, తప్పు లేదు.

గోడచాటు

చేశా. ఎంగేజ్ వచ్చింది. సాయంత్రం మళ్ళీ చేస్తా.

రాత్రిబండి

చేశాక ఒక ముక్క రాయి. పదింటికి బండి ఎక్కుతా, అప్పటిదాకా చూస్తూ ఉంటా.